అన్నం దగ్గర

ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ సిమ్రాన్ ఆగిపోయింది. కలిపిన ముద్ద కంచానికీ నోటికీ మధ్య అలాగే నిలిచి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఆ చూపు ఎవరి మీదా లేదు. పెదవులు మాత్రం ఏదో చప్పరిస్తున్నట్టు కదులుతున్నాయి.

ఎదురుగా కూర్చుని తింటున్న నాగూర్ బాషా భార్యను చూసి కంచం తోసి లేవబోయాడు.

"నువ్వు తిను. నేను చూసుకుంటా" అంది అతని తల్లి ఇమాం బీ.

ఆమె కోడలి వెనక్కి వెళ్ళి, రెండు చంకల్లో చేతులు వేసి, మెల్లగా చాప మీదకు వాల్చి, ఎడమ పక్కకు తిప్పింది. నోట్లో ఉన్న అన్నం చాప మీద పడింది. అప్పుడు మొదలైంది అసలు కుదుపు. కుడి చెయ్యి, ఆ తర్వాత ఒళ్ళంతా. ఇమాం బీ తన కొంగు మడిచి ఆ పిల్ల తల కింద పెట్టి, పక్కనే కూర్చుంది. మొదట్లో అయితే తాళాల గుత్తి చేతిలో పెట్టేది, పళ్ళ మధ్య చెంచా దూర్చబోయేది. అవేవీ చెయ్యవద్దని, పక్కకు తిప్పి, తగ్గేదాకా కనిపెట్టుకుని ఉండటమే పని అని తెనాలి డాక్టరు చెప్పాక మానేసింది. కనిపెట్టుకుని ఉండటమే అన్నిటికన్నా కష్టమైన పని అని ఆమెకు ఆ తర్వాత తెలిసింది.

కాసేపటికి సిమ్రాన్ ఒళ్ళు వదులైంది. గురక లాంటి ఊపిరి తీస్తూ నిద్రలోకి జారుకుంది. నాగూర్ బాషా తినలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

సిమ్రాన్‌కు మెలకువ వచ్చేసరికి నాలుక అంచు చురుక్కుమంటోంది. భుజం ఎవరో మెలితిప్పినట్టు నొప్పి. కళ్ళు తెరవకుండానే, అత్త చాప మీది మెతుకులు ఏరి, తడిగుడ్డతో నేల తుడుస్తున్న చప్పుడు వింది. ఫిట్స్ వచ్చినప్పుడు ఏం జరిగిందో ఆమెకు ఎప్పుడూ తెలియదు. తెలిసేది ఈ చప్పుడే. ఇది వింటే చాలు, లేవబుద్ధి కాదు.

"నేను అన్నం తిన్నానా అత్తమ్మా?" అని అడిగింది.

"సగం తిన్నావు. పడుకో" అంది ఇమాం బీ.

రేపల్లెలో వాళ్ళది రైలు స్టేషనుకు దగ్గర్లో చిన్న డాబా. నాగూర్ బాషా ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాడు. ఇమాం బీ పెళ్ళిళ్ళకు వండుతుంది. రేపల్లె నుంచి బాపట్ల దాకా ఎవరింట్లో శుభకార్యమైనా బిర్యానీకి ఆమె పేరే చెప్పేవారు. సిమ్రాన్ రోజూ పొద్దున్నే రైలెక్కి తెనాలి వెళ్ళి, ప్రశాంతి అనే ఆవిడ నడిపే బ్లౌజుల షాపులో కుట్టుపని చేస్తుంది.

చిన్నప్పుడు విపరీతమైన జ్వరం వచ్చి ఫిట్స్ మొదలయ్యాయనీ, మందులతో తగ్గాయనీ సిమ్రాన్ తండ్రి పెళ్ళిచూపుల రోజే దాచకుండా చెప్పాడు. "మందులేసుకుంటే సరిపోద్ది కదా. షుగరు, బీపీ ఉన్నోళ్ళు వేసుకోవట్లా?" అని ఇమాం బీయే అంది. పెళ్ళయిన మూడో ఏడు అవి మళ్ళీ వచ్చాయి. మందు మార్చారు, మోతాదు పెంచారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేవి. మందులు కుదురుకున్నాక పిల్లల సంగతి చూద్దామన్నారు డాక్టరు. ఆ మాట అని ఎంతకాలమైందో ఇంట్లో ఎవరూ గుర్తు చేసుకునేవారు కాదు.

షాపులో ఒకసారి టీ వేళకు ఫిట్స్ వచ్చింది. ఆ రోజు ఎవరో పుట్టినరోజని తెచ్చిన పులిహోర పెద్ద గిన్నెడు తిని ఉంది. పులిహోర సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. మర్నాడు ప్రశాంతి ఆమెను మోటారు మిషను మీద నుంచి లేపి, హుక్కులు కుట్టే చోట కూర్చోబెట్టింది.

"నిన్ను తీసేయట్లేదు సిమ్రాన్. సూది వేల్లో దిగితే ఏం చేస్తాం చెప్పు" అంది.

"పర్లేదక్కా" అంది సిమ్రాన్. షాపులో అందరికన్నా నీటుగా జాకెట్టు కుట్టేది ఆమే. ఆ రోజు నుంచి ఇతరులు కుట్టిన జాకెట్లకు హుక్కులు వేసింది.

ప్రశాంతి మంచిదే. ఫోనులో ఏవేవో వీడియోలు చూసి, మినుకుమినుకుమనే లైటు వల్ల కూడా ఫిట్స్ వస్తాయని తెలుసుకుని షాపులో ట్యూబులైటు మార్పించింది. పక్కింటి లక్ష్మమ్మ మంగళవారం తలస్నానం వద్దంది. పొన్నూరు దగ్గర దర్గాలో తాయెత్తు కట్టించుకు రమ్మన్నాడు నాగూర్ బాషా మేనమామ. అన్నీ చేశారు. సిమ్రాన్ తనంతట తానుగా కూడా ఆలోచించేది. వేమూరు దాటాక రైలు కిటికీలోంచి తాటిచెట్ల మధ్య ఎండ తళుక్కు తళుక్కుమని కళ్ళలో పడుతుంది, అదేమో అనుకుని చాలా రోజులు అవతలి వైపు కూర్చుంది. సాంబ్రాణి వాసనేమో అనుకుంది. నిద్ర చాలకేమో, నెలసరి వల్లేమో, అత్తతో మాట పట్టింపు వచ్చిన రోజునేమో అనుకుంది. కొన్నిసార్లు నిజమే అనిపించేది. ఆ తర్వాత ఏ కారణమూ లేని రోజున వచ్చి ఆ నమ్మకాన్ని తుడిచేసేది.

కారణం దొరికితే తప్పుకుని తిరగవచ్చని ఆమె ఆశ. కారణం లేదంటే, ఏ పని చేస్తున్నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టే ఉంటుంది. అలా వెనక్కి చూసుకుంటూ బతకటంతోనే ఆమె సగం అలిసిపోయింది.

ఆ చలికాలం బాపట్లలో ఒక పెళ్ళికి ఇమాం బీ వంట ఒప్పుకుంది. ఉల్లిపాయలు కోయటానికి, గిన్నెలు అందించటానికి సిమ్రాన్ కూడా వెళ్ళింది. పొద్దుటి నుంచి పొయ్యిల దగ్గర నిలబడి నిలబడి ఇద్దరూ అలిసిపోయారు. మొదటి బంతి లేచాక పెళ్ళికూతురి తల్లి సిమ్రాన్ దగ్గరికి వచ్చి, "నువ్వూ కూర్చో అమ్మా, పొద్దుటి నుంచీ ఏం తిన్లేదు" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చుట్టాల మధ్య కూర్చోబెట్టింది. వడ్డించేవాళ్ళు ఇమాం బీ కోడలని ప్రత్యేకంగా వడ్డించారు. సిమ్రాన్ ఆకలి మీద ఉంది. బాగా తింది.

అక్కడే వచ్చింది. ఈసారి అత్త అందుకునే లోపే పక్కన కూర్చున్న ఆవిడ మీద పడింది. ఆవిడ భయపడి లేచేసరికి మంచినీళ్ళ గ్లాసులు పడిపోయాయి. బంతిలో సగం మంది లేచారు.

"తిండిలో ఏమన్నా పడిందేమో చూడండయ్యా" అని ఒక పెద్దమనిషి అన్నాడు.

"ఎవరూ తినమాకండి, ఆగండి" అని ఇంకొకతను అన్నాడు.

పొయ్యిల దగ్గర నుంచి ఇమాం బీ పరుగెత్తుకొచ్చింది. కోడలిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల నిమురుతూ, "ఆ పిల్లకు ఎప్పటి నుంచో ఉన్న జబ్బండి. తిండిలో ఏం లేదండి. మీరు తినండి" అని అందరికీ చెప్పింది. చెప్పి, అదే విస్తరిలోంచి ఒక పిడికెడు అన్నం తీసి అందరి ముందూ తను తిని చూపించింది. కొందరు కూర్చున్నారు. చాలామంది కూర్చోలేదు.

ఆ తర్వాత వారానికి నగరం అనే పక్క ఊరి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కూతురి పెళ్ళికి ఇమాం బీతో మాట్లాడుకున్న మనిషి. "మరోలా అనుకోమాకు ఇమాం బీ. మా ఆడోళ్ళు కొంచెం భయపడతన్నారు. కోడలికే పడని వంట అని ఎవరో అన్నారంట. ఈసారికి వేరే వాళ్ళతో చేయించుకుంటాం" అన్నాడు.

"సరేనండి" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం ఇమాం బీ బియ్యం చేటలో పోసి రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఆ బియ్యంలో రాళ్ళు లేవు.

"నా చేత్తో వండింది ఎన్ని వేల మంది తిన్నారో నాకే తెలీదు" అంది, చేటలోకే చూస్తూ. "తిని పడిపోయింది మాత్రం ఒక్కరే. అదీ నా ఇంటి మనిషి."

ఆమె కోపంతో అనలేదు.

ఆ రోజు నుంచి ఇమాం బీ వంట మార్చింది. ముందు మసాలా మానేసింది. తర్వాత గసగసాలు తీసేసింది, ఆ తర్వాత నూనె మార్చింది. కొన్నాళ్ళు కూరల్లో చింతపండు లేదు. ఇంట్లో అందరూ రోగుల తిండి తిన్నట్టు తిన్నారు. నాగూర్ బాషా ఏమీ అనకుండా ఆవకాయ సీసా తెచ్చుకుని పక్కన పెట్టుకునేవాడు. అయినా ఒక ఆదివారం పప్పన్నం తింటుండగా సిమ్రాన్ చెయ్యి ఆగిపోయింది. ఇమాం బీ ఆ రోజు చాప తుడుస్తూ ఏడ్చింది. నిద్రపోతోందనుకున్న కోడలు అది విన్నది.

అప్పటి నుంచి సిమ్రాన్ తినటం తగ్గించింది. సాయంత్రం రాగానే, "షాపులో ప్రశాంతక్క టిఫిన్ తెప్పించింది అత్తమ్మా, ఆకలి లేదు" అనేది. మధ్యాహ్నం బాక్సులో సగం వదిలేసి, రైలు దిగాక స్టేషను బయట కుక్కలకు పెట్టేది. ఆమె భయం ఫిట్స్ గురించి కాదు. తను పడిపోయిన ప్రతిసారీ అత్త తన చేతులు తను చూసుకోవటం ఆమెకు కనిపిస్తోంది. దాని నుంచి ఆవిడను తప్పించాలని. జాకెట్టు వదులై భుజం మీద నిలవకపోతే ప్రశాంతి కుట్లు విప్పి బిగించి ఇచ్చింది.

"ఏంటే ఇట్టా అయిపోతున్నావు? ఇంట్లో అన్నం పెట్టట్లేదా?" అంది.

"పెడతారక్కా. నేనే తినట్లేదు" అంది సిమ్రాన్.

రంజాన్ నెల వచ్చింది. మందులు వేసుకునే మనిషివి, ఉపవాసం వద్దని ఇంట్లో చెప్పారు గాని, మాత్రలు తెల్లవారక ముందొకటి, పొద్దుగూకాక ఒకటి వేసుకుంటే సరిపోతాయని ఆమె కొన్ని రోజులు రోజా ఉంది. పగలంతా ఏమీ తినలేదు, ఏమీ రాలేదు. సాయంత్రం ఖర్జూరం, పుచ్చకాయ ముక్కలు తిని, గ్లాసు గంజి తాగినప్పుడూ రాలేదు. నమాజు అయ్యాక అందరితో కలిసి కంచం నిండా అన్నం తిన్న రోజున వచ్చింది. కొన్నాళ్ళకు మళ్ళీ అంతే. మూడోసారి మేనమామ ఇంట్లో దావత్ నాడు, విందు తిన్నాక.

ఆ మూడోసారి తర్వాత నాలుక నొప్పితో మంచం మీద పడుకుని ఉండగా ఆమె మనసులో ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఆదివారాలు. బాపట్ల పెళ్ళి. షాపులో పులిహోర. రోజూ బాక్సులో తినేది కొంచెమే, అప్పుడు రాదు. ఆ బాక్సూ అత్త వండిందే. వారం పొడుగునా అదే చెయ్యి, అదే వంట. మరి తేడా ఎక్కడుంది?

పొద్దున రైలుకు బయలుదేరే ముందు భర్తతో చెప్పింది.

"నాకు అన్నం తింటుంటేనే వస్తోంది. కొంచెం తింటే రాదు. కడుపు నిండా తింటే వస్తోంది."

నాగూర్ బాషా చెప్పులు వేసుకోబోతూ ఆగాడు. "అన్నం తింటే ఫిట్స్ వచ్చిద్దా ఎవరికైనా?"

"ఏమో. నాకు వస్తోంది."

అతను ఆమె ముఖం వంక చూశాడు. ఇన్నాళ్ళూ లైటు అంటే లైటు, వాసన అంటే వాసన అని ఆమె చెప్పినవన్నీ అతను విన్నాడు. ఆమె ముఖంలో ఈసారి ఆశ లేదు. జరిగింది చెబుతున్న మనిషిలా ఉంది. అందుకే నమ్మాడేమో.

"డాక్టరుగారితో చెబుదాం పద" అన్నాడు.

తెనాలిలో ఆమెను చూసే డాక్టరు శేషగిరిరావు పెద్దవాడు. ఓపిగ్గా విన్నాడు.

"అమ్మా, మనం రోజూ రెండు మూడుసార్లు తింటాం. ఫిట్స్ ఎప్పుడో ఒకప్పుడు రావాలి కదా, తినేటప్పుడు రావటం అట్టా కలిసొచ్చి ఉండొచ్చు" అన్నాడు.

"నేనూ అట్టాగే అనుకున్నానండి. కానీ వారంలో ఆరు రోజులు బాక్సులో కొంచెం తింటానండి, రాదు. పగలంతా ఏమీ తినకపోయినా రాదు. నిండా తిన్న రోజునే వస్తోంది. అదీ మొదటి ముద్దకు కాదండి, సగం తిన్నాక."

శేషగిరిరావు పెన్ను కింద పెట్టాడు. "పడిపోయే ముందు ఏమన్నా తెలుస్తుందా నీకు?"

"అన్నం రుచి పోతుందండి. నోట్లో ఏదో ఇనుము పెట్టినట్టు ఉంటుంది. ఆ తర్వాత తెలీదు."

ఆయన పాత చీటీలు ఒకసారి తిరగేశాడు. "ఇలాంటివి ఉన్నాయని చదివాను. నా చేతుల మీదుగా ఒక్కటీ చూళ్ళేదు. గుంటూరులో ప్రేమకుమారి గారని ఉన్నారు, వెళ్ళి చూపించండి. నేను ఫోన్ చేసి చెప్తా" అన్నాడు.

గుంటూరులో డాక్టరు ప్రేమకుమారి అంతా విని ఒకటే అడిగింది. "ఇంట్లో వంట ఎవరు చేస్తారు?"

నాగూర్ బాషా, "మా అమ్మండి" అన్నాడు.

"ఆవిడను తీసుకుని రండి. మీరు ఆదివారం ఏం తింటారో అదే, అంతే తేవాలి. తలకు వైర్లు పెట్టి, పేషెంటు తింటుంటే మెదడు ఏం చేస్తోందో చూస్తాం."

ఆ మాట ఇంటికి వచ్చి ఇమాం బీకి చెప్పారు.

"నా వంటకు పరీక్ష పెడతారన్నమాట" అంది ఆమె.

"వంటకు కాదత్తమ్మా, నాకు" అంది సిమ్రాన్.

"రెండూ ఒకటే."

వెళ్ళాల్సిన రోజు ఆమె చీకటితోనే లేచి వండింది. అన్నం, గోంగూర మాంసం, పప్పుచారు. ఇన్నాళ్ళూ మానేసిన మసాలాలన్నీ వేసింది. పెద్ద క్యారియర్‌లో సర్ది, చీర కొంగు చుట్టి, తెనాలిలో రైలు మారేటప్పుడు కూడా కొడుకు చేతికి ఇవ్వకుండా తనే పట్టుకుంది.

ఆసుపత్రిలో ఒక చిన్న గది. మంచం, ఎదురుగా కెమెరా, పక్క బల్ల మీద తెర. ఒక అమ్మాయి సిమ్రాన్ జుట్టు పాయలు పాయలుగా తీసి, చల్లటి పేస్టు రాసి, వైర్లు అంటించి, పైన గుడ్డ చుట్టింది. పొద్దున ఇడ్లీ తినిపించారు. ఏమీ రాలేదు. తెర మీద గీతలు పాకుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం డాక్టరు వచ్చి, "ఇక భోజనం పెట్టండమ్మా. ఇంట్లో ఎట్టా పెడతారో అట్టాగే" అంది.

ఇమాం బీ క్యారియర్ విప్పింది. గదంతా గోంగూర వాసన కమ్ముకుంది. వైర్లు అంటించిన అమ్మాయి తెర వైపు తిరిగింది గాని, ఒకసారి వెనక్కి చూడకుండా ఉండలేకపోయింది.

సిమ్రాన్ తినసాగింది. అత్త పక్కనే నిలబడి వడ్డిస్తోంది. నాగూర్ బాషా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇలా ఇద్దరూ ఆమె నోటి వంకే చూడటం కొత్త కాదు. కొత్తవాళ్ళు కూడా చూస్తున్నారు, అంతే తేడా. కంచం సగమైంది. ఏమీ రాలేదు. మొత్తం అయిపోవచ్చింది. రాలేదు.

"చాలత్తమ్మా" అంది సిమ్రాన్.

ఇమాం బీ డాక్టరు వంక చూసింది. డాక్టరు పెట్టమన్నట్టు తలూపింది.

"ఇంకొంచెం తిను తల్లీ" అని ఇమాం బీ మళ్ళీ అన్నం పెట్టి, పప్పుచారు పోసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. కొడుకు దగ్గరికి వచ్చి, "ఏంటమ్మా?" అని మెల్లగా అడిగాడు. ఆమె ఫిట్స్ రావాలని దువా చేస్తోంది. ఇన్నేళ్ళుగా రాకూడదని చేసిన నోటితోనే, ఇక్కడ, వీళ్ళ ముందు, ఈ పూట రావాలని అడుగుతోంది. ఏం అడుగుతోందో తనకే అర్థమై ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నోట్లో ఇనుము..." అని సిమ్రాన్ అంది. అంతవరకే అంది.

చెయ్యి గాలిలో ఆగింది. తెర మీద, ఒక పక్క గీతలు ముందు దగ్గరగా ముడుచుకుని, తర్వాత పెద్దపెద్దగా లేచాయి. ఆ అమ్మాయి ఏదో నొక్కింది. డాక్టరు తెర వంక ఒక్కసారి చూసి, మంచం దగ్గరికి వచ్చి ఇమాం బీతో పాటు సిమ్రాన్‌ను పక్కకు తిప్పింది. ఒళ్ళంతా కుదిపే దాకా పోలేదు. చెయ్యి కొంచెం ఎగిరి, అదే తగ్గింది.

సిమ్రాన్ నిద్రపోతుండగా డాక్టరు వాళ్ళిద్దరికీ చెప్పింది. నోరు, నాలుక, గొంతు, పొట్ట తినేటప్పుడు మెదడుకు కబుర్లు పంపుతూ ఉంటాయని, చిన్నప్పటి జ్వరం వల్ల ఆ కబుర్లు అందుకునే చోట ఈమెకు ఒక మచ్చ మిగిలినట్టుందని, నిండుగా తిన్నప్పుడు అక్కడ నిప్పు అంటుకున్నట్టవుతోందని. "ఎందుకు కొందరికే ఇట్టా అవుద్దో మాకూ పూర్తిగా తెలీదు. అరుదు. కానీ ఉంది" అంది.

ఇమాం బీ ఒకటే అడిగింది. "ఇంకొకరు వండినా వచ్చేదాండి?"

"ఎవరు వండినా వచ్చేదమ్మా. కడుపు నిండటం వల్ల వచ్చింది. మీ చేతి వంటలో ఏ దోషమూ లేదు."

ఇమాం బీ తలాడించింది. బయటకు వెళ్ళి, వరండాలో కుళాయి దగ్గర క్యారియర్ గిన్నెలు కడగటం మొదలుపెట్టింది. కడిగినవే మళ్ళీ కడిగింది.

సాయంత్రం సిమ్రాన్‌కు తెలివి వచ్చాక, కొడుకు మందులకు వెళ్ళినప్పుడు, ఆమె మంచం మీద కోడలి పక్కన కూర్చుంది.

"నీకు రావాలని కోరుకున్నా. నువ్వు తింటున్నంతసేపూ అదే కోరుకున్నా. ఏమనుకోమాకు" అంది.

"నేనూ అదే అనుకున్నానత్తమ్మా" అంది సిమ్రాన్. "రాకపోతే మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి కదా. నాకు ఓపిక లేదు."

జుట్టులో ఎండిపోయిన పేస్టు ముద్దలు ముద్దలుగా ఉంది. ఇమాం బీ తడిగుడ్డ తెచ్చి ఒక్కొక్క పాయా తుడుస్తూ కూర్చుంది.

మందులు మార్చారు. మధ్యాహ్నం భోజనానికి ముందు వేసుకోవటానికి ఒక చిన్న మాత్ర ఇచ్చారు. ఒకేసారి నిండుగా కాకుండా, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు, నెమ్మదిగా తినమన్నారు. సిమ్రాన్ షాపుకు చిన్న చిన్న డబ్బాలు తీసుకెళ్ళేది. ఆ మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం రెప్పలు బరువెక్కి, హుక్కు ఒకచోట కుట్టబోయి ఇంకొకచోట కుట్టేది.

కారణం దొరికిందని తెలిస్తే జనం వింతగా చూడటం మానేస్తారని ఆమె అనుకుంది. అలా జరగలేదు. "అన్నం తింటే వచ్చే ఫిట్సేంటి, విడ్డూరం కాకపోతే" అంది లక్ష్మమ్మ. "అయితే చపాతీలు తినరాదూ" అంది ప్రశాంతి. మేనమామ అయితే, గుంటూరు డాక్టర్లు మాటలు బాగా చెబుతారన్నాడు. మొదట్లో సిమ్రాన్ విడమర్చి చెప్పేది. తర్వాత తర్వాత, "అవునండి, విడ్డూరమే" అని ఊరుకునేది.

ఫిట్స్ బాగా తగ్గాయి. పోలేదు. వానాకాలంలో ఒక సాయంత్రం రైల్లో, భట్టిప్రోలు దాటాక, ఏమీ తినకుండానే వచ్చింది. ఎదురు సీట్లో ఉన్నవాళ్ళు రేపల్లెలో దించి కూర్చోబెడితే నాగూర్ బాషా వచ్చి తీసుకెళ్ళాడు. ఆ రోజు ఆమె చాలా కుంగిపోయింది. అన్నం దగ్గర అన్ని జాగ్రత్తలూ పడింది. అయినా వచ్చింది.

"అంతకు ముందు రోజు నిద్రపోయావా?" అని ఫోనులో డాక్టరు ప్రేమకుమారి అడిగింది.

"పండగ ఆర్డర్లండి. సరిగా పోలేదు."

"తిండి ఒక్కటే కారణం కాదమ్మా. నిద్ర, జ్వరం, మాత్ర మర్చిపోవటం, ఇవి కూడా ఉంటాయి. ఏ కారణమూ దొరకని రోజూ ఒకటి ఉంటుంది. దాని గురించి మరీ వెతుక్కోవద్దు."

"సరేనండి" అంది సిమ్రాన్. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మంచం మీదే ఉంది. ఆ దొరకని జవాబు కోసం వెతకకుండా ఉండటం ఎలాగో ఆమెకు ఇంకా చేతకాలేదు. కానీ వెతకకపోయినా తప్పు లేదని ఒకరు చెప్పారు. అదీ కొంచెం ఊరటే.

ఇమాం బీకి వంటలు మళ్ళీ వస్తున్నాయి, మునుపటంత కాదు. చుండూరులో ఒక నిశ్చితార్థానికి వండింది. నగరం ఆయన మాత్రం మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. "పోతే పోనీలే. ఇక మోకాళ్ళు కూడా సహకరించట్లేదు" అంటుంది. ఇంట్లో మాత్రం మసాలాలన్నీ తిరిగొచ్చాయి. నాగూర్ బాషా ఆవకాయ సీసా తీయటం మానేశాడు.

మొన్న ఒక ఆదివారం పలావు వండింది. మాత్ర వేసుకుని సిమ్రాన్ చిన్న కంచంలో కొంచెం తిని లేచింది. నాగూర్ బాషా తిని, ఎవరి ఫ్రిజ్జో చూడాలని వెళ్ళిపోయాడు. సాయంత్రం పొద్దు వాలుతుండగా ఆమెకు మళ్ళీ ఆకలేసింది. గిన్నెలో మిగిలిన పలావు, ఉల్లిపాయ పెరుగు పెట్టుకుని వంటింట్లో గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఇమాం బీ అలవాటు ప్రకారం వచ్చి గుమ్మంలో నిలబడింది.

రెండు ముద్దలు తిన్నాక సిమ్రాన్ తలెత్తింది.

"అత్తమ్మా, మీరు వెళ్ళి కాసేపు పడుకోండి."

"నువ్వు తిను. నేనేం చేస్తన్నా?"

"చూస్తున్నారు కదా. చూస్తుంటే గొంతు దిగట్లా నాకు."

ఇమాం బీ ముఖం కొంచెం చిన్నబోయింది. "పిలిస్తే వినపడేట్టు ఇక్కడే ఉంటా. తలుపెయ్యమాక" అని గదిలోకి వెళ్ళింది. మంచం కిర్రుమన్న చప్పుడు, కాసేపటికి ఫ్యాను వేసిన చప్పుడు వినిపించాయి.

సిమ్రాన్ ఒంటరిగా తిన్నది. పలావు చల్లారిపోయి మెతుకులు కొంచెం బిరుసెక్కాయి. లవంగం ఒకటి పంటి కింద పడితే తీసి కంచం అంచున పెట్టింది. ఎదురుగా ఎవరూ లేరు. అయినా అలవాటుగా ప్రతి ముద్దకూ కొంచెం ఆగి, రుచి ఉందో పోయిందో చూసుకుంటోంది. ఉంది. ఉప్పు సరిపోయింది. కొంచెం మిగిలి ఉండగానే కంచం పక్కన పెట్టేసి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. మధ్యాహ్నం వేసుకున్న మాత్ర మత్తు ఇంకా వదలక నిద్ర ముంచుకొస్తోంది. లేచి చెయ్యి కడుక్కోవాలి, రేపటికి బాక్సులు కడగాలి. ఇంకొంచెం సేపయ్యాక లేవవచ్చులే అనుకుంది.